హుష్ కాకి: మీ మొదటి వీడియో గేమ్ మీరే చేసుకోండి

విశాఖ చినవాల్తేరులో మా మేడ మీద గదిలో సాయంత్రాలు కంప్యూటర్ చెబుతుంటాను. గేములు చేయడం నేర్చుకుంటామని వచ్చేవాళ్ళలో ఇంటర్ పిల్లలుంటారు, ఇంజినీరింగ్ వాళ్ళుంటారు, రుషికొండ ఐటీ ఆఫీసుల నుంచి డ్యూటీ దిగి వచ్చేవాళ్ళూ ఉంటారు. వయసు ఏదైనా మొదటి రోజు కోరిక మాత్రం ఒకటే. "మేడం, బీచ్ రోడ్డు మొత్తం త్రీడీలో పెట్టేద్దాం. కురుసుర సబ్‌మెరైన్‌లోకి దూరొచ్చు, కైలాసగిరి రోప్‌వే ఎక్కొచ్చు, బైకు రేసులు, ఆన్‌లైన్‌లో వంద మంది..." నేను కాదనను. నోట్‌బుక్ చివరి పేజీలో రాసుకోమంటాను. మొదటి పేజీలో రాయాల్సింది వేరే ఉంది.

మొదటి గేమ్ ఒక్క వాక్యంలో చెప్పగలిగేంత చిన్నదిగా ఉండాలి. చెబుతూ చెబుతూ "అప్పుడేమో", "ఆ తర్వాత ఇంకోటి" అనాల్సి వచ్చిందంటే అది మీ రెండో గేమో, పదో గేమో. చిన్నదంటే తక్కువదని కాదు. 1972లో అలన్ ఆల్కార్న్ అనే ఇంజినీరు అటారీ అనే గేముల కంపెనీలో కొత్తగా చేరితే, చెయ్యి తిరగడానికని ఆ కంపెనీ పెట్టినవాళ్ళలో ఒకడైన నోలన్ బుష్నెల్ ఆయనకొక పని అప్పజెప్పాడు: ఒక బంతి, అటొక బ్యాటు ఇటొక బ్యాటు, పైన స్కోరు. ప్రాక్టీసు కోసం ఇచ్చిన ఆ పనే 'పాంగ్'. వీడియో గేముల వ్యాపారం నిలదొక్కుకున్నది దాంతోనే.

మనం చేయబోయే గేమ్ ఐడియా నాది కాదు. పెద జాలారిపేట నుంచి వచ్చే ఒక కుర్రాడిది. వాళ్ళ మామ్మ ఫిషింగ్ హార్బర్ దగ్గర నెత్తళ్ళు అనే చిన్న చేపలు ఆరబెడుతుంది. ఆరబెట్టడం ఒక గంట పనైతే, ఎండేదాకా కాకుల్ని తోలడం మిగతా పూటంతా పని. వాడు రాసుకొచ్చిన వాక్యం ఇది: "కాకులు పై నుంచి దిగుతుంటాయి, మామ్మ కర్ర పట్టుకుని అటూ ఇటూ పరుగెత్తి వాటిని తోలాలి, మూడు కాకులు చేపల దాకా వచ్చేశాయంటే ఆట అయిపోయినట్టే." ఆడేది ఎవరు, చేయాల్సింది ఏమిటి, ముప్పు ఎటు నుంచి, ఎప్పుడు ఓడిపోతాం, నాలుగూ ఇందులోనే ఉన్నాయి. గేమ్ పేరు కూడా వాడే పెట్టాడు, హుష్ కాకి.

మీకు కాకులు వద్దనుకుంటే సింహాచలం మెట్ల మీద కోతులు పెట్టుకోండి, కొబ్బరికాయలు పెట్టుకోండి. మీరు కళ్ళతో చూసినదై ఉంటే బొమ్మ గీసేటప్పుడు, వేగం సరిచూసుకునేటప్పుడు ఎవర్నీ అడగక్కర్లేదు.

దేంతో చేయాలి

స్క్రాచ్‌తో. కోడ్ టైపు చేయకుండా, రంగురంగుల బ్లాకులు ఒకదాని కింద ఒకటి తగిలించి ప్రోగ్రామ్ చేసే సాధనం ఇది. అమెరికాలోని ఎంఐటీ మీడియా ల్యాబ్ వాళ్ళు 2007లో జనంలోకి తెచ్చారు. ఉచితం. బ్రౌజర్‌లోనే నడుస్తుంది, ఇంట్లో నెట్ సరిగా రాకపోతే కంప్యూటర్‌లో దింపుకునే యాప్ కూడా ఉంది. తెరవగానే నారింజ రంగు పిల్లి కనిపిస్తుంది. ఆ పిల్లిని చూసి బీటెక్ వాళ్ళు మొహం చిట్లిస్తారు, ఇది చిన్నపిల్లలది కదా మేడం అని. చిన్నపిల్లలదే. కానీ పెద్ద గేములు చేసే యూనిటీ, అన్‌రియల్ లాంటివి దింపుకోవడానికి కూర్చుంటే మొదటి వారం డౌన్‌లోడ్‌కీ, లైసెన్సు పేజీలకీ, ఎర్రర్లకీ పోతుంది. స్క్రాచ్‌లో అయితే అదే సాయంత్రం మామ్మ కదులుతుంది. గేమ్‌కి ప్రాణమైన సంగతులన్నీ, అంటే లూపు, ఇన్‌పుట్, ఢీకొనడం, స్కోరు, ఓటమి, అందులోనూ ఇవే. సింటాక్స్ టెన్షన్, అంటే ఎక్కడ కామా ఎక్కడ బ్రాకెట్ అన్న గొడవ, ఒక్కటే ఉండదు.

అకౌంట్ లేకపోయినా పని మొదలుపెట్టొచ్చు. అప్పుడు మాత్రం ఫైల్ మెనూలోంచి మీ కంప్యూటర్‌లోకి సేవ్ చేసుకోవాలి. బ్లాకుల మీద ఉండే ఇంగ్లీషు పేర్లనే నేనిక్కడ తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను, వెతుక్కోవడం తేలికవుతుంది.

ఒక్క లెక్క ముందే మనసులో పెట్టుకోండి. స్క్రాచ్‌లో ఆట జరిగే వేదిక (స్టేజ్) 480 అడ్డం, 360 నిలువు. సరిగ్గా మధ్యలో సున్నా. ఎక్స్ ఎడమ చివర మైనస్ 240, కుడి చివర 240. వై కింద మైనస్ 180, పైన 180. ఇంటర్‌లో ఎందుకు చదువుతున్నామో తెలియకుండా గీసిన గ్రాఫు ఇదే.

మామ్మ

పిల్లిని తీసేసి కొత్త స్ప్రైట్ పెయింట్ చేయండి. స్ప్రైట్ అంటే వేదిక మీద కదిలే బొమ్మ. బొమ్మలు రావని భయపడకండి: గుండ్రటి తల, చీరకి ఒక రంగు, చేతిలో కర్ర. అంతే చాలు. ఫోటో పెడతానంటే చుట్టూ ఉన్న తెల్లటి భాగాన్ని పూర్తిగా చెరిపేయాలి. లేదంటే కాకి ఆ తెలుపుకి తగిలినా మామ్మకి తగిలినట్టే లెక్క అవుతుంది.

ఇప్పుడు కదిలించడం. ప్రతి ఒక్కరూ ముందు పట్టుకునే బ్లాకు 'వెన్ రైట్ యారో కీ ప్రెస్డ్'. చూడ్డానికి సరైనదిలాగే ఉంటుంది. బాణం నొక్కి పట్టుకుని చూడండి. మామ్మ ఒక్క అడుగు వేస్తుంది, ఒక్క క్షణం ఆగుతుంది, అప్పుడు గబగబా కదులుతుంది. వర్డ్‌లో ఒక అక్షరం నొక్కి పట్టుకున్నప్పుడు కూడా జరిగేది ఇదే, కీబోర్డు నుంచి వచ్చే సంకేతాల తీరే అంత. ఉత్తరం టైపు చేసుకోవడానికి పర్వాలేదు గానీ, కాకి వాలిపోతున్నప్పుడు ఆ క్షణం ఆగడం ఆటనే చంపేస్తుంది.

కాబట్టి దాన్ని పక్కన పడేసి ఇలా చేయండి. 'వెన్ గ్రీన్ ఫ్లాగ్ క్లిక్డ్' కింద ముందు 'గో టు ఎక్స్ 0 వై మైనస్ 120' పెట్టండి. దాని కింద 'ఫరెవర్', లోపల పెట్టినవాటిని ఆగకుండా మళ్ళీ మళ్ళీ చేయించే బ్లాకు. ఫరెవర్ కడుపులో రెండు 'ఇఫ్' బ్లాకులు: కుడి బాణం నొక్కి ఉందా, అయితే 'ఛేంజ్ ఎక్స్ బై 8'. ఎడమ బాణం నొక్కి ఉందా, అయితే 'ఛేంజ్ ఎక్స్ బై మైనస్ 8'. ఇప్పుడు ఆడి చూడండి, తేడా వేళ్ళకే తెలుస్తుంది.

ఈ రెండో పద్ధతిలో ఏం మారిందో ఒకసారి ఆగి ఆలోచించండి, ఎందుకంటే గేమ్ ప్రోగ్రామింగ్ మొత్తం ఇక్కడే ఉంది. మొదటి పద్ధతిలో కీ నొక్కినప్పుడు చెప్పమని కంప్యూటర్‌ని అడిగి కూర్చున్నాం. రెండో పద్ధతిలో మనమే సెకనుకి 30 సార్లు వెళ్ళి "నొక్కి ఉందా? ఉందా?" అని అడుగుతున్నాం. అడగడం, లెక్క మార్చడం, బొమ్మ మళ్ళీ గీయడం. దీన్నే గేమ్ లూప్ అంటారు. కోట్లు పోసి చేసిన గేములోనైనా లోపల తిరిగేది ఇదే చక్రం.

ఫోన్‌లోనో టాబ్‌లోనో ఆడేవాళ్ళకి బాణాలుండవు. వాళ్ళ కోసం రెండు ఇఫ్‌లూ తీసేసి ఫరెవర్‌లో 'సెట్ ఎక్స్ టు మౌస్ ఎక్స్' అని పెడితే మామ్మ వేలి వెంట వస్తుంది. అయితే అప్పుడు మామ్మకి వేగ పరిమితి ఉండదు, ఆట మరీ తేలికైపోతుంది. నేనైతే ముందు బాణాలతోనే చేయమంటాను.

కాకి, కాకులు

కాకి స్ప్రైట్‌కి రెండు కాస్ట్యూములు, అంటే రెండు రూపాలు గీయండి, రెక్కలు పైకి ఒకటి, కిందకి ఒకటి. గీయాల్సింది ఒక్క కాకినే. మిగతావి దాని నకళ్ళు, అంటే క్లోన్‌లు.

అంకెలు దాచుకునే వేరియబుల్స్‌లో 'స్కోరు', 'చేపలు', 'వేగం' అని మూడు తయారు చేసుకోండి. తెలుగులోనే పేర్లు పెట్టుకోవచ్చు. మూడూ 'ఫర్ ఆల్ స్ప్రైట్స్' అనే ఉండాలి.

అసలు కాకి పని పిల్లల్ని పుట్టించడమే. జెండా నొక్కగానే 'హైడ్', తర్వాత ఫరెవర్‌లో 'క్రియేట్ క్లోన్ ఆఫ్ మైసెల్ఫ్', 'వెయిట్ 1.2 సెకండ్స్'.

క్లోన్ పని 'వెన్ ఐ స్టార్ట్ యాజ్ ఎ క్లోన్' కింద. ముందు ఎక్స్ మైనస్ 200 నుంచి 200 మధ్య 'పిక్ రాండమ్', వై 170 దగ్గరికి పంపాలి. తర్వాత 'షో', ఎందుకంటే దాక్కున్న కాకి నుంచి పుట్టిన క్లోన్ కూడా దాక్కునే పుడుతుంది. తర్వాత ఫరెవర్. అందులో వై ని కిందకి దించాలి, సున్నా మైనస్ వేగం అంత. మామ్మకి తగిలిందా ('టచింగ్' బ్లాకు) అని చూడాలి: తగిలితే స్కోరు 1 పెంచి 'డిలీట్ దిస్ క్లోన్'. వై మైనస్ 150 కంటే తక్కువైందా అని చూడాలి: అయితే చేపలు 1 తగ్గించి 'డిలీట్ దిస్ క్లోన్'. రెక్కలాడించడానికి ఇంకో 'వెన్ ఐ స్టార్ట్ యాజ్ ఎ క్లోన్' విడిగా పెట్టి, ఫరెవర్‌లో 'నెక్స్ట్ కాస్ట్యూమ్', 'వెయిట్ 0.15'.

మా గదిలో దాదాపు అందరి కాకులూ చిక్కుకునే చోట్లు రెండున్నాయి. కాకి పూర్తిగా తెర దాటాక లెక్కేద్దామని మైనస్ 150 బదులు మైనస్ 200 రాస్తారు. కాకులన్నీ వచ్చి కింద అంచుకి అతుక్కుపోతాయి, చేపలు తగ్గవు. స్క్రాచ్ ఏ స్ప్రైట్‌నీ తెర బయటికి పూర్తిగా పోనివ్వదు, కాస్త అంచైనా లోపలే ఉంచుతుంది. చిన్న కాకి మైనస్ 200 దాకా ఎప్పటికీ చేరదు. రెండోది, డిలీట్ మర్చిపోవడం. ఆట కాసేపు బ్రహ్మాండంగా నడుస్తుంది, ఆ తర్వాత ఉన్నట్టుండి కాకులు రావడం మానేస్తాయి. ఒక ప్రాజెక్టులో ఒకేసారి 300 క్లోన్‌ల దాకానే స్క్రాచ్ ఒప్పుకుంటుంది. తోలేసిన కాకిని మాయం చేయకుండా దాచి ఊరుకుంటే అది ఇంకా లెక్కలోనే ఉంటుంది.

ఆట అయిపోవడం

ఇది స్టేజ్‌కి అప్పజెప్పండి. జెండా నొక్కగానే 'వెయిట్ అంటిల్ చేపలు 1 కంటే తక్కువ', తర్వాత 'స్విచ్ బ్యాక్‌డ్రాప్' (వెనక బొమ్మ మార్చే బ్లాకు) పెట్టి ఓటమి తెర, తర్వాత 'స్టాప్ ఆల్'. మొదటిసారి చక్కగా పనిచేస్తుంది. రెండోసారి జెండా నొక్కగానే ఆట మొదలవకుండానే "అయిపోయింది" అని వస్తుంది! పోయిన ఆటలో మిగిలిన సున్నా చేపలు ఇంకా అలాగే ఉన్నాయి కదా. చేపలు 3 చేసే బ్లాకు వేరే స్ప్రైట్‌లో ఎక్కడో ఉంటే, ముందు ఏది నడుస్తుందో చెప్పలేం. అందుకని స్కోరు 0, చేపలు 3, వేగం 4, మామూలు బ్యాక్‌డ్రాప్, ఈ నాలుగూ అదే స్టేజ్ స్క్రిప్టులో, ఆ 'వెయిట్ అంటిల్'కి పైనే పెట్టండి. ఒకే వరసలో ఉన్నవి వరసగానే నడుస్తాయి.

కష్టం ఎంత పెట్టాలి

ఇక్కడ చాలామంది చేతికొచ్చిన అంకె కొట్టి చూస్తుంటారు. కాగితం తీసుకుంటే ఐదు నిమిషాల పని. కాకి దిగాల్సిన దూరం 170 నుంచి మైనస్ 150 దాకా, అంటే 320. వేగం 4 అయితే 80 అడుగులు (ఫరెవర్ ఒకసారి తిరిగితే ఒక అడుగు), సెకనుకి 30 చొప్పున రెండున్నర సెకన్ల పైమాట. మామ్మ ఈ చివర నుంచి ఆ చివరకి 400 దూరం 8 చొప్పున పోవడానికి 50 అడుగులు. అంటే కాకి ఎక్కడ పుట్టినా మామ్మకి అందుతుంది, తీరుబడి కూడా ఉంది. వేగం 6 చేస్తే కాకికి 53 అడుగులు. చెమటలు పడతాయి, కానీ సాధ్యమే. వేగం 8 అయితే 40 అడుగులు. అటు చివర ఉన్న మామ్మ ఇటు చివర కాకిని ఏ దేవుడు దిగొచ్చినా అందుకోలేదు. ఆడేవాళ్ళు తమ పొరపాటు వల్ల ఓడిపోతే మళ్ళీ ఆడతారు. గేమ్ అన్యాయం చేస్తే మూసేస్తారు. కాబట్టి వేగం 4 దగ్గర మొదలై 6 దగ్గర ఆగాలి. స్కోరు 1 పెరిగినప్పుడల్లా, వేగం 6 కంటే తక్కువుంటే, 0.05 పెంచండి. నలభై కాకులు తోలేసరికి 6 దగ్గరికి చేరుతుంది.

ఆట సాగేకొద్దీ ఒత్తిడి పెరగడం అన్న ఈ సుగుణం ఒక పాత గేమ్‌లో అనుకోకుండా పుట్టింది. 1978లో జపాన్‌లో తొమోహిరో నిషికాడో చేసిన 'స్పేస్ ఇన్వేడర్స్'లో శత్రువులు చచ్చేకొద్దీ మిగిలినవి వేగం పుంజుకుంటాయి. ఆ కాలపు యంత్రానికి అన్ని బొమ్మలు ఒకేసారి గీయడం భారం. బొమ్మలు తగ్గేకొద్దీ భారం తగ్గి అవే పరుగందుకున్నాయి. నిషికాడో దాన్ని సరిచేయకుండా అలాగే ఉంచేశాడు.

మా కుర్రాడు ఇంకో లెక్క తెచ్చాడు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో వేట నిషేధం కదా, ఆ రోజుల్లో ఎండుచేపకి విలువెక్కువ, కాబట్టి ఒక లెవెల్‌లో కాకి ఎత్తుకుపోతే రెండు చేపలు పోవాలట. మంచి బుర్ర. కానీ అది చివరి పేజీకే పంపించాను, సబ్‌మెరైన్ పక్కన.

శబ్దం

శబ్దం లేని గేమ్ ఉప్పు లేని పప్పు. స్క్రాచ్‌లో సౌండ్స్ ట్యాబ్‌లోనే రికార్డు చేసుకోవచ్చు. వాడు మామ్మ దగ్గరికే ఫోన్ పట్టుకెళ్ళి ఆవిడ చేత "హుష్ష్! పోవే!" అనిపించి తెచ్చాడు. ఆ గొంతు పెట్టాక గదిలో అందరూ వాడి గేమే ఆడారు. గ్రాఫిక్స్ అందరికంటే వాడివే నాసిగా ఉన్నా సరే.

శబ్దం పెట్టేటప్పుడు 'స్టార్ట్ సౌండ్' వాడండి. 'ప్లే సౌండ్ అంటిల్ డన్' పెడితే, మాట పూర్తయ్యేదాకా కాకి గాల్లో నిలబడిపోయి ఆ తర్వాత మాయమవుతుంది. కాకి అరుపుకి నెట్‌లో దొరికిన క్లిప్పు, ఓటమి తెరకి సినిమా పాట పెట్టకండి. వేరేవాళ్ళ హక్కులున్న వాటితో గేమ్‌ని షేర్ చేస్తే రేపు తీసేయాల్సి వస్తుంది. కాకులకి విశాఖలో కరువా, కిటికీ దగ్గర ఫోన్ పెట్టండి.

వేరేవాళ్ళ చేతికి ఇవ్వడం

ఇది చాలామంది ఎగ్గొట్టే మెట్టు, నా దృష్టిలో అసలు చదువు ఇదే. ఇంట్లో ఎవరో ఒకరి ముందు గేమ్ పెట్టండి. ఏమీ చెప్పకండి. "ఇది నొక్కు, అటెళ్ళు" అనకండి. చేతులు కట్టుకుని కూర్చుని చూడండి.

హుష్ కాకి మొదటిసారి ఆడిన ఒక పెద్దాయన మామ్మని కాకుల నుంచి తప్పిస్తూ పోయాడు. పక్కకి, ఇంకా పక్కకి. మూడు చేపలూ పోయాయి. కుర్రాడికి ప్రాణం విలవిల్లాడింది, అయినా నోరు మెదపలేదు. ఆయన తప్పేముంది? పై నుంచి ఏదైనా మీద పడుతుంటే ఎవరైనా తప్పుకుంటారు. చేపలు కాపాడాలన్నది మన బుర్రలో ఉంది గానీ తెర మీద లేదు.

దీనికి "కాకులను తోలండి" అని పెద్ద అక్షరాలతో రాయడం ఒక దారి, కానీ ఎవరూ చదవరు. మేం చేసింది వేరు. క్లోన్ పుట్టే చోట ఒక 'ఇఫ్ ఎల్స్' పెట్టాం: స్కోరు 0 ఉన్నంతసేపూ కాకి ఎక్స్ 0 దగ్గరే పుట్టాలి, ఆ తర్వాతే రాండమ్. మామ్మ మొదట నిలబడేది కూడా 0 దగ్గరే. జెండా నొక్కి ఊరికే చూస్తూ కూర్చున్నా మొదటి కాకి వచ్చి కర్రకే తగులుతుంది, "హుష్ష్" అంటుంది, స్కోరు పెరుగుతుంది. ఏం చేయాలో ఆడేవాళ్ళకి అర్థమైపోతుంది. కింద నెత్తళ్ళ కుప్పలు మూడు గీసి, కాకి వాలినప్పుడల్లా ఒకటి మాయం చేశాం. ఒక్క అక్షరం రాయలేదు.

తగలకుండా పోయిన కాకి విషయంలో కూడా ఆడేవాళ్ళ పక్షమే వహించండి. కర్ర చివర వెంట్రుకవాసి దూరంలో కాకి దాటిపోతే వాళ్ళకి తగిలినట్టే అనిపిస్తుంది. మామ్మ కంటే కాస్త వెడల్పైన ఒక దీర్ఘచతురస్రం ఇంకో స్ప్రైట్‌గా గీసి, ఎప్పుడూ మామ్మ దగ్గరే ఉండేలా చేసి, దాని 'ఘోస్ట్' ఎఫెక్టు 100 చేయండి. కంటికి కనపడదు, కానీ 'టచింగ్'కి దొరుకుతుంది. 'హైడ్' చేస్తే మాత్రం దొరకదు. కాకి ఇక మామ్మని కాకుండా ఆ పెట్టెని తాకిందా అని చూస్తే సరి.

ఇదే గేమ్, ఇంకోసారి

పూర్తయ్యాక కొత్త ఐడియా వెతకకండి. ఇదే హుష్ కాకిని గోడో అనే గేములు చేసే సాఫ్ట్‌వేర్‌లో (గేమ్ ఇంజిన్) మళ్ళీ చేయండి. అదీ ఉచితమే, ఓపెన్ సోర్స్, మీరు చేసిన గేమ్ అమ్ముకున్నా వాళ్ళకి పైసా కట్టక్కర్లేదు. జీడీస్క్రిప్ట్ అనే దాని భాష చూడ్డానికి పైథాన్‌లా ఉంటుంది. ఏం చేయాలో ముందే తెలుసు కాబట్టి, ఎలా రాయాలన్నదొక్కటే మీకు కొత్త.

ఫరెవర్ స్థానంలో అక్కడ 'ప్రాసెస్' అనే ఫంక్షన్ ఉంటుంది, తెర మీద బొమ్మ మళ్ళీ గీసిన ప్రతిసారీ, అంటే ప్రతి ఫ్రేమ్‌కీ దాన్ని ఇంజినే పిలుస్తుంది. క్లోన్ బదులు కాకిని ఒక సీన్‌గా దాచుకుని కావలసినప్పుడల్లా దాని ప్రతి తీస్తారు. టచింగ్ బదులు, తనకేదైనా తగిలితే చెప్పే ఏరియా2డీ అనే భాగం పంపే సిగ్నల్.

తడబడే చోట్లు రెండే. స్క్రాచ్ సెకనుకి 30 సార్లు తిరిగేది కాబట్టి అడుగుకి 4 అంటే సెకనుకి 120. గోడోలో ఫ్రేములు కంప్యూటర్‌ని బట్టి మారతాయి, ఒకచోట 60, మంచి మానిటర్ మీద 144 ఉండొచ్చు. అడుగుకి ఇంత అని రాస్తే మీ ఇంట్లో నింపాదిగా దిగిన కాకి స్నేహితుడి ఇంట్లో రాయిలా పడుతుంది. అందుకే వేగాన్ని సెకనుకి ఎంతో రాసి, 'డెల్టా'తో గుణించాలి. పోయిన ఫ్రేమ్ నుంచి ఈ ఫ్రేమ్‌కి గడిచిన సమయం అది. 120 ఇంటూ డెల్టా, అంతే.

రెండోది, గోడోలో సున్నా మధ్యలో ఉండదు, ఎడమ చేతి వైపు పైమూలలో ఉంటుంది. వై కిందకి వెళ్ళేకొద్దీ పెరుగుతుంది. స్క్రాచ్ అలవాటులో మైనస్ పెట్టేశారనుకోండి, కాకి పుట్టగానే పైకెగిరి పోతుంది, ఎంతసేపు చూసినా రాదు. మైనస్ తీసేయండి, దిగుతుంది.